పైనున్న పేరు

తల్లిదండ్రులు బయటే ఉండాలని అటెండరు చెప్పగానే రోజా ఫైలు గుండెలకి హత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని నాగులమ్మ తలుపు మూసుకునేదాకా నిలబడింది, చూడలేదు, చూడకపోవడమే మంచిదిలే అనుకుంది. ఇక తను చేసేదేమీ లేదు. గోడవారన ఉన్న పొడుగాటి బల్ల మీద ఒక కొసన కూర్చుంది. వరండా అవతల వాన, నిన్నటినుంచీ ఇదే వాన, సన్నగా మొదలై, గాలి తోడవగానే ఏటవాలుగా కొట్టి, మళ్లీ సన్నబడే వాన. వాయుగుండమంట. చెన్నై పక్కకి పోతుందో నెల్లూరు పక్కకి తిరుగుతుందో ఇంకా తెలియదంట. ఆ దిగులుతోనే మొగుడు పోలేరయ్య రాలేదు, పడవని గట్టుకి లాగించుకోవాలని తమ జాలర్ల కుప్పంలోనే ఉండిపోయాడు, తల్లీకూతుళ్లు రైలెక్కేముందు మాత్రం ఫోన్ చేసి, పేరు రాసుకునేదాకా నమ్మబాక నాగులూ, ఇంగా ఏదో ఒకటి చెప్పి పంపించేస్తారు, అన్నాడు. నమ్మకం లేకపోవడం ఆయనకి అలవాటు. నీళ్ల మీద బతికేవాడు వల పైకొచ్చేదాకా దేన్నీ నమ్మడు. కానీ ఈ నెల్లూరు మెడికల్ కాలేజీ గోడలు, పైకెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టే ఈ గోడలు, పచ్చరంగు మధ్యలో చెమ్మ దిగిన ఈ గోడలు నిజమే కదా, తన కూతురు ఆ తలుపు అవతల ఉన్న మాట నిజమే కదా.

నాలుగు వందల ముప్పై ఏడు. ఈ అంకె ఎప్పుడు నోటికొచ్చిందో నాగులమ్మకే తెలియదు. ఫలితాలొచ్చిన రోజు రోజా ఫోను పట్టుకుని గుడిసె బయట నిలబడి, నాలుగు వందల ముప్పై ఏడమ్మా, అంది. నాగులమ్మకి రొయ్యల కౌంటు తెలుసు, కేజీకి ఎన్ని తూగితే అంత కౌంటు, అంకె చిన్నదయ్యేకొద్దీ రొయ్య పెద్దది. ఇక్కడ అంకె పెద్దదయ్యేకొద్దీ మనిషి పెద్దది. మంచి మార్కులేనా పాపా అని అడిగితే, మంచివేమ్మా, చాలవు, అంది రోజా. మంచివి ఎందుకు చాలవో అర్థం కావడానికి నాగులమ్మకి చాలా రోజులు పట్టింది. నెల్లూరులో ఏడాదిపాటు లాంగ్ టర్మ్ కోచింగులో కూర్చుని, పండగలకి కూడా ఇంటికి రాకుండా, కళ్ల కింద నల్లచారలు తెచ్చుకుని సంపాదించిన అంకె అది. దాన్ని పట్టుకుని ఫోనులో రకరకాల మనుషులు రకరకాలుగా చెప్పేవాళ్లు. పోయినేడు ఎంత దగ్గర ఆగింది, ఈ ఏడు పేపరు కష్టంగా వచ్చింది కాబట్టి ఎంతకి దిగుతుంది, మనవైపు అమ్మాయిలకైతే ఎంత, మన కేటగిరీకైతే ఎంత. ఒకాయన వస్తుందనేవాడు, ఇంకొకాయన రాదనేవాడు, వస్తుందన్నాయన మాట వింటున్నప్పుడు రోజా అన్నం తినేది.

మొదటి లిస్టులో రాలేదు. రెండో లిస్టులో వాళ్ల కేటగిరీలో ఆఖరి సీటు రోజాకి సరిగ్గా పైనున్న పేరు దగ్గర ఆగింది. ఆ పేరుకీ నాలుగు వందల ముప్పై ఏడే. ఒకే మార్కులొచ్చినప్పుడు ముందు బయాలజీ చూస్తారంట, అందులో ఆ అమ్మాయిది ఒక్క ప్రశ్న ఎక్కువంట, ఏదో పువ్వు గురించిన ప్రశ్న, ఉప్పునేల మీద పువ్వులెక్కడివమ్మా అని రోజా ఏడుస్తూ నవ్వింది. ఆ పైనున్న పేరు వెన్నెల. ఎవురీ వెన్నెల, ఏ వూరంట అని పోలేరయ్య అడిగితే, తెల్దు నాయనా, పేరొక్కటే ఉంటాది లిస్టులో, అంది. కులాలు వేరైనా కేటగిరీ ఒకటే అయ్యుంటుందంట, అంతకుమించి ఆ అమ్మాయి గురించి ఏమీ తెలియదు. తెలియకపోయినా ఆ పేరు ఇంట్లోకొచ్చి కూర్చుంది. అన్నం ముందు కూర్చుంది, వలలు బాగుచేసే చోట కూర్చుంది. ఆ వెన్నెల చేరిందంట. ఆ వెన్నెల ఇంకా పై కాలేజీకి మారితే మనకొస్తుందంట. ఆ వెన్నెల కదలడం లేదంట. చేప చీరుతూ నాగులమ్మ ఆ పేరుని తిట్టేది కూడా, కడుపు నిండిన ఇంటి పిల్లయి ఉంటుంది, కదిలితే ఏంబోయింది దానికి, అని. తర్వాత కదిలింది. అన్ని విడతలూ అయిపోయాక, మిగిలిపోయిన సీట్లకని ఇంకో విడత పెట్టి, అందులో ఒక్క సీటు చూపించి, దాని పక్కన రోజా పేరు వేశారు. ఆ సాయంత్రం కుప్పంలో చిన్నాపెద్దా అందరి నోట్లోనూ బెల్లం పెట్టింది నాగులమ్మ. పోలేరమ్మ ముందు టెంకాయ కొట్టి, కదిలించినావే తల్లీ, అని గట్టిగా నవ్వింది కూడా.

"ఈడ జల్లు కొడతాది, ఇట్ట జరగండమ్మా."

బల్ల అవతలి కొసన ఒకాయన ఉన్నాడన్న సంగతి అప్పుడే గమనించింది. యాభై దాటి ఉంటాయి, తెల్లచొక్కా, మెడలో తువ్వాలు, కాళ్ల మీద వరికయ్యల బురద ఎండి రాలిపోగా మిగిలిన చారలు. ఒళ్లో ఖాళీ ప్లాస్టిక్ కవరొకటి నాలుగు మడతలు పెట్టి పట్టుకున్నాడు. నాగులమ్మ జరిగి కూర్చుంది.

"ఇందాక లోపలికి పోయింది మీ పాపేనా? కొత్తగా చేరేదానికా?"

"అవునన్నా. ఆఖర్లో వచ్చింది సీటు. మాది సూళ్లూరుపేట అవతల, సరస్సు గట్టున. మీది?"

"కొడవలూరు పక్కన. కామాక్షయ్య నా పేరు. కౌలుకి చేస్తా ఉండా."

"మీ పాప గూడా ఈడేనా అన్నా?"

"ఆఁ" అన్నాడాయన, చేతిలో కవరు సర్దుకుని, "ఈడే."

ఎంత అదృష్టవంతుడో అనుకుంది నాగులమ్మ. ఈయన ఈ వరండా దాటేసినవాడు. ఈయన కూతురు ఎప్పుడో లోపలికి వెళ్లిపోయింది, ఈయనకి లిస్టుల భయం లేదు, ఈయన బల్ల మీద కూర్చునే తీరులోనే ఆ నిదానం ఉంది. ఆయన మాట కూడా నిదానంగానే వచ్చింది, ఒక్కో సంగతీ గుర్తు తెచ్చుకుని చెప్తున్నట్టు. హాస్టల్లో పై అంతస్తుకి నీళ్లు సరిగ్గా ఎక్కవు, పెద్ద బకెట్ కొనియ్యండి అన్నాడు. అన్ని కాగితాలకీ ఇంకో జత నకళ్లు తీసి ఇంట్లో పెట్టుకోండి అన్నాడు. "మొదటి వారం ఏడస్తారు పిలకాయలు. ఫోన్లో ఏడిస్తే వచ్చేయమని మాత్రం అనబాకండి. రెండో వారం అన్నం బాగలేదంటారు. మూడో వారానికి మనం ఫోన్ చేస్తే పనుండాది నాయనా, మళ్లీ చేస్తాలే అంటారు. అప్పుడు మనం ఏడవాల." ఆయన నవ్వాడు, నాగులమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే ఈ కాలేజీ వరండాల్లో తల్లిదండ్రులు ఒకరినొకరు అడుక్కునే మాట అడిగింది. పేరు కంటే ముందు అదే అడుగుతారు. కోచింగు గేటు దగ్గర ఏడాదిపాటు నిలబడ్డాక ఆమెకీ అలవాటైంది.

"మీ పాపకి ఎంతొచ్చినాయన్నా?"

"నాలుగొందల ముప్పై ఏడు."

"మా పాపకీ అంతే అన్నా!" అనేసింది, ఒకే ఊరివాళ్లు దూరాన కలిసినట్టు సంబరపడి. ఆయన ఇటు తిరగలేదు. వానవైపు చూస్తున్నాడు. చూస్తున్న కళ్లు అలాగే ఉన్నాయి కానీ చేతిలో కవరుని ఇంకో మడత పెట్టాడు. తనేమన్నా తప్పుగా అడిగిందా, ఎక్కువ మార్కులని చెప్పుకోవాలనుకున్నాడా అని నాగులమ్మ అనుకుంటూ ఉండగానే తలుపు తెరుచుకుని అటెండరు హజరత్తయ్య తల బయట పెట్టాడు.

"వెన్నెల తాలూకా ఎవురు? సర్టిఫికెట్లు వాపసు తీసుకోవాల్సింది మీరే గదా పెద్దాయనా? సారు సంతకం కాలేదు. కూర్చో, పిలస్తా."

వెన్నెల. ఇన్నాళ్లూ ఇంట్లో తిరిగిన పేరు, తెల్లచొక్కా వేసుకున్న తండ్రితో, కాళ్ల మీద బురదతో, పక్కన కూర్చుని ఉంది. వాపసు అన్నాడు. వాపసు అంటే ఏమిటో ముందు నాగులమ్మకి సంతోషంగానే తోచింది. అయ్యో, ఈ పిల్లేనా, కౌలురైతు కూతురా, ఎన్ని తిట్లు తిట్టాను, ఇంకా పెద్ద కాలేజీలో వచ్చి ఉంటుంది, అందుకే కాగితాలు తీసుకుపోతున్నాడు, పోలేరమ్మ అందరికీ మంచే చేసింది. ఆ సంతోషంతోనే అడిగింది.

"మీ పాపకి ఇంగా మంచి చోట వచ్చిందా అన్నా?"

"లేదమ్మా." ఆయన గొంతు మారలేదు. "పాప లేదు. జరం వచ్చినాది. వినాయకచవితికి చేరింది, దీపావళికి లేదు."

తర్వాత ఆయన ఇంకేదో చెప్తున్నాడు, డెంగీ అని, రక్తంలో కణాలని, నెల్లూరునుంచి తిరపతికి తీసుకుపోయామని. నాగులమ్మకి ఆయన పెదవులు కదలడం కనిపిస్తోంది. వినపడుతున్నది మాత్రం వేరే గొంతు, తనదే, పోలేరమ్మ ముందు నిలబడి మొక్కుకున్ననాటి తన గొంతు. ఏమన్నాను ఆ రోజు? పొద్దున్నే, గాలి సరస్సు మీదనుంచి తిన్నగా కొడుతోంది, కొప్పు ఊడిపోతే ముడేసుకుంటూ నిలబడింది, తడిగుడ్డతోనే. ఆ పిల్లని పక్కకి జరుపు తల్లీ. ఇది అన్నాను. ఇందులో అనుమానం లేదు. పేరు కూడా చెప్పాను, అమ్మకి తెలియదేమోనని, వెన్నెల అని పేరు పెట్టి చెప్పాను. తర్వాత ఇంకో మాట ఉంది. ఇంకా మంచి కాలేజీకి పంపించు, ఆ పిల్లకీ మంచి చెయ్యి, అనే మాట ఉంది. అది అన్నానా? అనాలనుకున్నాను. మనసులో అనుకున్నాను. గాలికి కళ్లలో ఇసుక పడింది, కళ్లు నులుముకున్నాను, అప్పుడు ఆ మాట నోటిదాకా వచ్చిందా, ఇసుక పడ్డాక మరిచిపోయి పసుపు కుంకుమ పెట్టి వచ్చేశానా? రెండో మాట అనకపోతే అమ్మకి ఏం తెలుస్తుంది? పక్కకి జరపమంటే అమ్మకి ఎన్ని పక్కలు తెలుసు? అని ఉంటే? మంచి చోటికి పంపించు అనే అని ఉంటాను, కాలేజీ అనే మాట నాకెందుకొస్తుంది ఆ పూట, చోటు అనే అని ఉంటాను. మంచి చోటికి పంపించు. పోయినవాళ్ల గురించి మనుషులు చెప్పుకునేదీ అదే మాట కదా, మంచి చోటికి పోయిందిలే అంటారు కదా. అంటే రెండో మాట అన్నా అనకపోయినా ఒకటే. అనకపోతే సగం అడిగినట్టు, అంటే పూర్తిగా అడిగినట్టు. ఈ బల్ల మీద, ఈ మనిషి పక్కన, నాగులమ్మ నాలుక మీద ఆ పొద్దుటి ఇసుక కరకరలాడింది.

జ్వరం ఎప్పుడు మొదలై ఉంటుంది? తను మొక్కిన తర్వాతా, ముందా? అడగాలనిపించింది, అడగకూడదనిపించింది, అడిగి, మొక్కుకి ముందే అని ఆయనంటే కాళ్లు మొక్కాలనిపించింది. ముందైతే తనది కాదు. తర్వాతైతే. రెండో లిస్టు వచ్చిన మర్నాడు మొక్కింది. రెండో లిస్టు ఎప్పుడొచ్చింది, చేపల రేవులో బేరాలు బాగా సాగుతున్న రోజులు, ఎండ కాస్తున్న రోజులు. ఆ ఎండలో ఇక్కడ ఒక పిల్ల బకెట్ మోసుకుంటూ హాస్టలు మెట్లు ఎక్కుతోంది. తను బెల్లం పంచుతుంటే ఆ ఇంట్లో కర్మం బియ్యం వండుతున్నారేమో. కుప్పంలో ఒక పద్ధతి ఉంది, సరస్సులో మంచి చోట్లకి ఇంటింటికీ వంతులుంటాయి, ఈ రోజు ఈ ఇల్లు వల వేయాలి, రేపు ఆ ఇల్లు. వంతొచ్చిన ఇంట్లో చావుంటే వంతు పక్కింటికి పోతుంది. కానీ ఆ రోజు పడిన రొయ్యల్లో సగం చావింటి గుమ్మంలో పెట్టి, ఏమీ మాట్లాడకుండా వచ్చేయాలి. ఒకసారి నాగులమ్మే గంపతో వెళ్లి పెట్టి వచ్చింది, ఆ ఇంటామె లేచి గంప ఖాళీ చేసుకుని, గంప తిరిగిచ్చింది, అంతే, ఇద్దరికీ బతకడానికి వీలైంది. ఇక్కడ ఏది సగం చేయాలి? సీటులో సగం ఎక్కడ కోస్తారు? ఏ గుమ్మంలో పెడతారు?

"...ఆ సీటు పాడుబడిపోకూడదని వచ్చి చెప్పినా" అంటున్నాడు కామాక్షయ్య. ఆ మాట దగ్గర నాగులమ్మ మళ్లీ బల్ల మీదికొచ్చింది.

"ఎవురన్నా, ఎవురు చెప్పినారు?"

"నేనేమ్మా. కర్మం అయిన మర్నాడు వచ్చి, మా బిడ్డ లేదు, ఆ చోటు ఎవురికన్నా ఇయ్యండని రాసిచ్చి పోయినా." ఆయన వాన వైపే చూస్తూ చెప్పాడు. "పోయినేడు మా పాప ఒక్క సీటు కాడ ఆగిపోయింది. ఎవురో చేరి, ఇంకో చోటికి పోతా ఈడ చెప్పకుండా పోయినాడంట. తెలిసేసరికి గడువు దాటిపోయింది. ఆ సీటు ఎవురికీ కాకుండా అట్టే ఉండిపోయింది. మళ్లీ చదివినంతకాలం ఆ ఖాళీ సీటునే తిట్టింది మా పాప. ఇంకొకరికి వచ్చుంటే ఏడ్చి ఊరకుండేదాన్ని నాయనా, ఎవురికీ రాలే, అనేది. అది గుర్తొచ్చింది నాకు. గుర్తొచ్చినాక ఇంట్లో కూర్చోలేకపోయినా. గడువు దాటిపోతాదేమోనని ఉరికినా. మా ఇంటామె ఆ రోజునుంచి నాతో మాట్లాడదు. బిడ్డ చోటు ఎవురికో ఇచ్చి వస్తివా, మట్టన్నా ఆరలేదు గదయ్యా, అనింది. అది నిజమే. మట్టి ఆరలే."

ఆయన ఉరికాడు. కొడవలూరునుంచి బస్సెక్కి, ఈ మెట్లెక్కి, ఈ తలుపు కొట్టి, తన నోటితో తన బిడ్డ లేదని చెప్పి, చెప్పిన మాట చాలదంటే రాసిచ్చి. ఇన్నాళ్లూ అమ్మవారు కదిలించిందనుకుంది నాగులమ్మ. ఇప్పుడే, ఇందాకే, అమ్మవారు చంపిందనుకుంది. కదిలించింది ఈయన. ఈ బురదకాళ్ల మనిషి ఉరక్కపోతే ఆ వెన్నెల పోయినా లిస్టులో పోనట్టే ఉండేది, రోజాకి రాకుండానే ఉండేది, సీటు ఎవరిదీ కాకుండా గాలిలో వేలాడుతూ ఉండేది. తేలికవుతుందేమోనని ఒక్క క్షణం చూసుకుంది, గుండె మీద చెయ్యి వేసి చూసుకున్నట్టే చూసుకుంది. తేలిక కాలేదు. అమ్మవారైతే టెంకాయ కొట్టొచ్చు, పొంగలి పెట్టొచ్చు, చెయ్యాల్సింది చేశానని ఇంటికి పోవచ్చు. ఈయనకి ఏం కొడతాం, ఏం పెడతాం. ఏమీ చెప్పకుండా లేచి వెళ్లిపోవచ్చు. ఆయన లోపలికి పోగానే రోజాని తీసుకుని మెట్లు దిగిపోవచ్చు. కుప్పంలో ఎవరికీ తెలియదు, పోలేరయ్యకి చెప్పనక్కర్లేదు. అలా అనుకుంటున్నప్పుడే నోరు దానంతటది తెరుచుకుంది.

"అన్నా, మా పాప మీ పాపకి కిందుండే పేరు. ఆ సీటు మాకే వచ్చింది."

"మార్కులు చెప్పినప్పుడే తెలిసిందిమ్మా."

"నేను మొక్కుకున్నానన్నా." ఇప్పుడు ఆగలేదు, ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు. "మీ పాపని పక్కకి జరపమని మా పోలేరమ్మకి మొక్కుకున్నా. పేరు చెప్పి మొక్కుకున్నా. మంచి కాలేజీకి పంపించమన్నానో లేదో గుర్తు లేదన్నా. అన్నాననే అనుకుంటా ఉండా. అననేలేదేమో. నాకు గుర్తు రావడంలా."

కామాక్షయ్య అప్పుడు మొదటిసారి పూర్తిగా ఇటు తిరిగాడు. కొడతాడేమో అనుకుంది, కొడితే బాగుండుననుకుంది. ఆయన ఆమె మొహాన్ని చాలాసేపు చూశాడు, ఎక్కడో చూసిన మొహాన్ని గుర్తుపట్టడానికి చూసినట్టు.

"మేమూ మొక్కుకున్నాంలేమ్మా, పోయినేడు. పెంచలకోనకి పోయి, నేనూ మా ఇంటామె ఇద్దరం. మా బిడ్డకి పైనుండే వాళ్లలో ఒక్కరు తప్పుకుంటే చాలు సామీ అని. ఎట్ట తప్పుకోవాలని చెప్పలే. ఎవురి బిడ్డో ఏమో, పేరు గూడా తెల్దు మాకు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, వాన జల్లు కాదు అది. "ఆ పిల్లోడో పిల్లో బాగుండారో లేదో అని ఇప్పుడనుకుంటా ఉండా, రోజూ."

 వరండా చివర ఎవరో ఎప్రాన్లు వేసుకున్న అమ్మాయిలు నవ్వుకుంటూ పోయారు, తెల్లగా, తడి చెప్పులు చప్పుడు చేసుకుంటూ. కామాక్షయ్య వాళ్లు మూల తిరిగేదాకా చూశాడు. నాగులమ్మ ఆయన చూడటం చూసింది. ఆ గుంపులో ఒక ఖాళీ ఉంది, ఇకనుంచి ఆ ఖాళీలో రోజా నడుస్తుంది, మామూలుగా, చెప్పులు చప్పుడు చేసుకుంటూ, తెలియకుండా. తెలియకుండానా? తెలియకపోతే ఏం, పిల్ల హాయిగా చదువుకుంటుంది. తెలిస్తే ప్రతి పరీక్షకీ ఇంకొకరి నీడ పక్కన కూర్చుంటుంది. ఆయన కూడా అదే అనుకున్నట్టున్నాడు.

"పాపకి చెప్పబాకమ్మా. చదువుకోనీ."

తల ఊపింది. అంతలో హజరత్తయ్య పిలిచాడు, ఆయన లేచాడు, తలుపు దగ్గర రోజా బయటికి వస్తూ పక్కకి తప్పుకుని, పోండి పెదనాయనా, అంది. ఆయన ఆగాడు, ఆ పిల్ల చేతిలో ఫైలు చూసి లోపలికి పోయాడు. రోజా మొహం వెలిగిపోతోంది. అయిపోయిందమ్మా, రోల్ నంబరిచ్చేసినారు, ఎల్లుండి హాస్టలుకి వచ్చేయమన్నారు అంటూ చేతులు పట్టుకుంది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి, లోపల ఎంత భయపడిందో. ఏందమ్మా, ఏడస్తా ఉండావా అంటే, సంతోషానికేలే, అంది నాగులమ్మ. ఆ మాట సగం నిజం కాబట్టి నోట్లోంచి తేలిగ్గానే వచ్చింది. నాన్నకి ఫోన్ చేసి, పేరు రాసుకున్నారు, ఇంగ నమ్ము నాయనా, అని చెప్పి రోజా నవ్వుతుంటే, అవతల పోలేరయ్య ఏడవడం ఇటు వినపడింది.

కాగితాల నకళ్లకని ఇంకో చోటికి తిప్పి, సంతకాలు పెట్టించి పంపించేసరికి వాన మళ్లీ గట్టిగా పట్టుకుంది. కింద పోర్టికోలో కామాక్షయ్య నిలబడి ఉన్నాడు. కవరు ఇప్పుడు ఖాళీగా లేదు, చొక్కా లోపలికి దోపుకుని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, కాగితాలు తడవకుండా. నాగులమ్మ ఆయన్ని చూసి చూపు తిప్పుకుంది. రోజా చూపు తిప్పుకోలేదు. హాస్టలుకని కొన్న కొత్త గొడుగు తెరిచి, బస్సుకేనా పెదనాయనా, రండి, సగం గొడుగు మీది, మా అమ్మకి తడవడం అలవాటే, అంది. ఆయన వద్దనలేకపోయాడు. ఇద్దరూ ముందు, నాగులమ్మ కొంగు నెత్తిన వేసుకుని వెనక. నీళ్లు మడమల మీదికి వస్తున్నాయి. ఆయన వంగి నడుస్తున్నాడు, గొడుగు పట్టుకున్న పిల్ల పొట్టిది కాబట్టి. ఆ వంగడంలో నాగులమ్మకి ఒక అలవాటు కనిపించింది, ఇంతకుముందు కూడా ఇలాగే ఎవరి గొడుగు కిందో వంగి నడిచి ఉంటాడు. వాళ్ల మాటలు వాన మధ్యలో తెగి తెగి వినపడుతున్నాయి.

"...శవాల గదికి పోయే మొదటిరోజు కళ్లు మండతాయంట పాపా. ఆ మందు వాసనకి. చేత్తో రుద్దబాక, ఇంగా మండతాది. కాసేపు బయట నిలబడితే పోతాదంట."

"మీకెట్ట తెలుసు పెదనాయనా?"

"మా పాప చెప్పినాది."

"మీ పాప గూడా ఈడేనా? ఏ సంవత్సరం?"

"మొదటి సంవత్సరమే."

"అయితే నా క్లాసే! నాకెవురూ తెలీదే అని ఇందాకే భయపడినా. పేరేంది? ఎల్లుండి రాగానే పోయి పలకరిస్తా."

కామాక్షయ్య నడక తప్పలేదు. రోడ్డువైపు చూశాడు, అక్కడ కావలి బస్సు ఎర్రగా మలుపు తిరుగుతోంది, బస్సొచ్చింది పాపా, అన్నాడు. పేరు చెప్పండి పెదనాయనా అని రోజా మళ్లీ అడిగింది. ఆయన నోరు తెరిచాడు. నాగులమ్మ వెనకనుంచి ఆయన మెడ చూస్తోంది, తడిసిన మెడ మీద ఒక నరం పైకి లేచి దిగింది, ఏదో మింగినట్టు. మింగాడు. పేరు మింగాడు. రోజులతరబడి తన ఇంట్లో చేప పొలుసుల మధ్యలో నలిగిన పేరు, తను తిట్టిన పేరు, దేవత ముందు చెప్పిన పేరు, దాన్ని కన్నవాడు నడిరోడ్డు మీద నోట్లోనే అణుచుకుంటున్నాడు, రోజా బాగా చదువుకోవాలని. ఇంకెన్ని చోట్ల మింగాలి ఈయన? చోటిచ్చాడు. పేరు కూడా ఇచ్చేయాలా? చెప్పనని తల ఊపిన మాట నాగులమ్మకి గుర్తుంది. గుర్తుండగానే రెండడుగులు ముందుకు వేసింది.

"వెన్నెల" అంది. "ఆ పాప పేరు వెన్నెల, రోజా. నీకు పైనున్న వెన్నెలే. జరమొచ్చి చనిపోయిందంట. ఈయన వచ్చి చెప్తేనే ఆ సీటు నీకొచ్చింది."

రోజా ఆగిపోయింది. వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది. కామాక్షయ్య నాగులమ్మ వైపు తిరిగాడు, కోపంగా చూస్తాడేమో అనుకుంది, కానీ ఆయన పెదవులు చప్పుడు లేకుండా అదే పేరు పలుకుతున్నాయి, ఇంకొకరి నోట ఆ పేరు విని ఎన్నాళ్లైందో ఏమో. రోజా ఆయన్నే చూస్తోంది. మొహంలో ఇందాకటి వెలుగు లేదు, ఏడుపు కూడా లేదు, లెక్క కట్టే పిల్ల మొహం, ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతున్న మొహం. ఆ లెక్క పూర్తయ్యేదాకా నాగులమ్మ అక్కడే నిలబడింది. గొడుగు కొంచెం ఆయన పక్కకి ఒరిగింది, తర్వాత ఇంకొంచెం, తర్వాత పూర్తిగా. రోజా భుజాలు, జడ, గుండెలకి హత్తుకున్న ఫైలు తడుస్తున్నాయి. బస్సు వచ్చి ఆగింది, కండక్టరు కావలి కావలి అని అరుస్తున్నాడు.

"ఎట్టుండేది పెదనాయనా?" అని అడిగింది రోజా.

ఆయన బస్సు వైపు చూశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఎక్కేవాళ్లంతా ఎక్కాక బస్సు కాసేపు ఆగి, వెళ్లిపోయింది.